నేను పంచిన కాయలు

మా ఆఫీసులో మొక్కలు అంటించే గదిలో ఫ్యాను వేయకూడదు. మే నెలయినా సరే, చెమటతో జాకెట్టు వీపుకు అతుక్కుపోతున్నా సరే, ఆ స్విచ్ మీద చెయ్యి పడకూడదు. ఈ రూలు ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే అందరూ పాటించేవారు. నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కసారి తప్పాను, అదీ అర నిమిషం. ఆ అర నిమిషం నన్ను ముప్పై రెండేళ్ల తర్వాత పట్టుకుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మిగతావాళ్ల కోసం హెర్బేరియం అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. కొండల్లోంచి, అడవుల్లోంచి తెచ్చిన మొక్కను న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, గట్టి తెల్లకాగితానికి అంటించి, ఎవరు ఎక్కడ కోశారో చీటీ రాసి బీరువాలో దాచే చోటు అది. ఆ కాగితాన్ని షీటు అంటాం. మాది సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు పక్కన పాత బంగళా. నేను చిలకలగూడ నుంచి బస్సెక్కి వెళ్లేదాన్ని. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను గానీ నాది సైంటిస్టు ఉద్యోగం కాదు, అంటించే ఉద్యోగం. సైంటిస్టులు మొక్కకు పేరు పెడతారు, మేం గమ్ము పెడతాం.

నేను పుట్టు పిరికిదాన్ని. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేశారు. ఇంట్లో అబద్ధం దొరికితే ఆ పూట అన్నం ఉండేది కాదు. అందువల్ల నాకు అబద్ధమంటే భయం అనుకునేదాన్ని. నిజానికి నాకు భయం దొరికిపోవడమంటే. ఆ రెండూ వేరువేరని తెలిసేసరికి తల నెరిసింది.

నాకు పని నేర్పినాయన రెజిమెంటల్ బజారు మనిషి. వాళ్ల నాన్నకు అక్కడ పుస్తకాల బైండింగ్ దుకాణం ఉండేదట. కాగితం, గమ్ము, దారం ఆయన చేతిలో చెప్పినట్టు వినేవి. మేమందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. మొదటి రోజే నాకు ఒక మాట చెప్పాడు. "చూడు బేటీ, టేబుల్ మీద ఒక్కటే మొక్క. అది లేసినంకనే ఇంకోటి." ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

ఎందుకో నెల తిరక్కుండానే తెలిసింది. ఎండిన మొక్క నుంచి కాయలూ గింజలూ రాలుతాయి. వాటిని ఊడ్చి పారేయకూడదు. చిన్న కాగితపు పొట్లంలో వేసి, అదే షీటు మూలన అంటించాలి. ఆవాల కుటుంబం మొక్కలకైతే ఆ పొట్లమే ప్రాణం. ఆ కుటుంబంలో పూలన్నీ ఇంచుమించు ఒక్క తీరుగా ఉంటాయి, నాలుగు రేకులు, ఆరు కేసరాలు. ఎవరు ఎవరో చెప్పేది కాయే.

నేను చేరిన రెండో ఏడు ఎండాకాలంలో మాకు కొన్ని పాత కట్టలు వచ్చాయి. ఒక మిలిటరీ డాక్టరు లడఖ్ వైపు పనిచేసిన రోజుల్లో సరదాకు మొక్కలు ఎండబెట్టి దాచుకున్నాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు ఆ కట్టలు మాకిచ్చేశారు. వేగంగా అంటించమని పైనుంచి ఒత్తిడి. ఒక మధ్యాహ్నం పెద్దాయన భోజనానికి వెళ్లాడు. పని తొందరగా తెములుతుందని నేను రెండు న్యూస్‌పేపరు మడతలు పక్కపక్కనే విప్పాను. రెండింట్లోనూ ఆవాల కుటుంబం మొక్కలే, అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. అంటించడం అయింది, పొట్లాలు కట్టడం మిగిలింది. ఉక్కపోతకు కళ్లు తిరుగుతున్నాయి. లేచి ఫ్యాను వేశాను.

మొదటి చుట్టుకు ఏమీ కాలేదు. రెండో చుట్టుకు న్యూస్‌పేపర్లు లేచాయి. నేను పరుగెత్తి స్విచ్ ఆపేసరికి కాయలన్నీ నేల మీద ఉన్నాయి. కొన్ని సన్నగా, పొడుగ్గా, చీపురు పుల్ల ముక్కల్లా. కొన్ని గుండ్రంగా, చదునుగా, కందిపప్పు బద్దల్లా. ఏవి ఏ మొక్కవో చెప్పేందుకు కాడల మీద ఒక్క కాయా మిగల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. తర్వాత పంచాను. పొడుగు మొక్కకు పొడుగు కాయలు, పొట్టి మొక్కకు గుండ్రటివి. అంతకు మించిన శాస్త్రం నా దగ్గర లేదు.

పెద్దాయన వచ్చాడు. నా మొహం చూశాడు. "దేనివి దానికే పెట్టినవా బేటీ?" అని అడిగాడు.

"పెట్టాను" అన్నాను.

ఆయన రిజిస్టరు తెరిచి, నా పొడి సంతకం పక్కన తన సంతకం పెట్టాడు. ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కసారే. ఇంకొకసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, తప్పును కొంచెం ఆయన మీదకు కూడా నెట్టడానికి.

తర్వాత పెళ్లి, పిల్లలు, ప్రమోషన్లు. పెద్దాయన కాలం చేశాడు. ఆ రెండు షీట్లు బీరువాలో నాఫ్తలీన్ వాసన పీలుస్తూ పడుకున్నాయి. నేను వాటిని మరిచిపోయానని చెబితే నమ్మకండి. మరిచిపోయినట్టు ఉండటం అలవాటైంది, అంతే.

నా రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా ఒక అమ్మాయి రీసెర్చికి వచ్చింది. జనగామ దగ్గర పల్లె వాళ్లది. ఏ.ఎస్. రావు నగర్‌లో గది తీసుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. కాంట్రాక్టు ఉద్యోగం. చలి కొండల మీద పెరిగే ఒక అడవి మొక్కల ప్రజాతిని తిరిగి వర్గీకరించడం ఆమె పని, అదీ ఆవాల కుటుంబంలోదే. మొక్కల శాస్త్రీయ నామాల్లోనూ మనలాగే ఇంటిపేరే ముందుంటుంది. ఆ ఇంటిపేరే ప్రజాతి. దాన్ని తిరిగి వర్గీకరించడమంటే ఆ ఇంట్లోకి వెళ్లి, మీరంతా నిజంగా ఒకే ఇంటివాళ్లేనా అని ఒక్కొక్కరినీ నిలదీయడం. కానివాళ్లకు ఇంటిపేరు మారుతుంది.

ఆ అమ్మాయి నాకు బాగా దగ్గరైంది. షీట్లు వెతికిపెట్టేదాన్ని నేనే కదా. డబ్బాలో సకినాలు తెచ్చేది, నేను ఆదివారం మిగిలిన కేకు తెచ్చేదాన్ని. ఒక రోజు మైక్రోస్కోపు దగ్గర నుంచి పిలిచింది.

"మేడం, జెర ఇటు రండి. ఇది చూడుండ్రి."

కళ్లు ఆనించాను. గుండ్రటి, చదునైన కాయలు.

ఈ జాతి మొక్కకు కాయలున్న షీటు ఇంకెక్కడా లేదని, అన్ని హెర్బేరియంలకూ రాసి కనుక్కున్నానని చెప్పింది. ఆ ప్రజాతిలో తక్కినవాటికన్నిటికీ పొడుగు కాయలేనట. "కాయ గిట్లుందంటే ఇది ఆ ఇంటిదే కాదు మేడం. దీనికి కొత్త ప్రజాతి పెట్టాలె" అంది. ఆ కళ్లలో వెలుగు చూసి నేను నవ్వాను. నవ్వుతూనే షీటు నంబరు చూశాను. ఆ నంబరు నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక పాత రిజిస్టరు తీశాను. వరసగా రెండు నంబర్లు. ఎదురుగా నా పొడి సంతకం, పక్కన పెద్దాయనది. తేదీ మే నెలది. ఇక అనుమానం అక్కర్లేదు, అయినా మూడుసార్లు చూశాను, మూడోసారి మారుతుందేమో అని.

అప్పటి నుంచి భయం మొదలైంది. నేను మామూలుగానే పనిచేశాను. తేలు కుట్టిన దొంగలా అంటారే, అలా. కారిడార్లో ఎవరైనా "మౌంటింగు" అంటే చాలు, భుజాలు తడుముకునేదాన్ని. ఆదివారం చర్చిలో ఒప్పుకోలు ప్రార్థన చేసేటప్పుడు అందరికంటే గట్టిగా చదివి, ఇంటికొచ్చి అన్నం తినలేకపోయేదాన్ని. మా ఆయనకు చెప్పాను. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పాత ఫైలు కదపడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదన్నాడు. పడుకో అన్నాడు. తాను పడుకున్నాడు.

భయం నా ఒక్కదాని గురించే అయితే భరించేదాన్నేమో. జూన్‌లో ఒక పర్మనెంటు పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. మా ఆఫీసరు, విజయనగరం ఆయన, మేం సార్ అనేవాళ్లం, ఆ అమ్మాయి పేపరు మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు. కొత్త ప్రజాతి కనిపెట్టిన పేపరు చేతిలో ఉంటే ఆ పోస్టు నీదేనమ్మా అని అందరి ముందూ చెప్పాడు. ఆకు ముక్క డీఎన్‌ఏ పరీక్షకు పంపారు, షీటు పాతది కావడంతో ఫలితం రాలేదు. కాబట్టి అంతా కాయల మీదే నిలబడింది. అంటే నేల మీద నేను ఏరి పంచిన కాయల మీద. చెబితే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే లోకంలో లేని ఒక ఇంటిపేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ కొండెక్కి, ఆ మొక్కను కాయతో సహా కోసుకొస్తారు. అప్పుడు నవ్వులపాలయ్యేది నేను కాదు, ఆ పిల్ల.

ఒక ఉదయం ఎవరూ రాకముందే వెళ్లి రెండు షీట్లూ టేబుల్ మీద పరిచాను. పొట్లాలు మార్చేద్దామని. ఇంత వయసొచ్చాక ఎంత నీచపు ఆలోచనో చూడండి. ఆ అమ్మాయి కాయల ఫోటోలు ఎప్పుడో తీసింది, బొమ్మలు గీసింది, మారిస్తే నేరుగా దొరికిపోతాను. అది కాదు నన్ను ఆపింది. మార్చితే సరవుతుందని నాకు తెలుసా? అప్పుడొక ఊహ, ఇప్పుడు దాని మీద ఇంకో ఊహ. తిరిగి పెట్టేయబోతే షీటు చేజారింది. మళ్లీ కాయలు నేల మీద పడతాయని ప్రాణం పోయినంత పనైంది. పొట్లం మడత విడలేదు.

అప్పుడే గుండ్రటి కాయల షీటు మీద సన్నటి కాగితం పట్టీ ఒకటి కనిపించింది. మొక్క లేచిపోకుండా కాడ మీద అడ్డంగా అంటించే పట్టీ. ఎవరి పట్టీ ఎక్కడుంటుందో అంటించేవాళ్లకే తెలుస్తుంది, చేతిరాతలాగే. కొత్తలో నాకొక చెడ్డ అలవాటు ఉండేది, కాడ చివర కాయలుండే చోటే పట్టీ వేసేదాన్ని. ఆవాల కుటుంబంలో కాయ పగిలి రెండు పెంకులూ రాలిపోయినా మధ్యనున్న పలచటి పొర కాడకే నిలుస్తుంది. ఆ పట్టీ కింద ఒక్క పొరైనా చిక్కుకుని ఉంటే, ఆ మొక్క కాయ పొడుగో గుండ్రమో చెబుతుంది. పట్టీ తడిపి లేపడం నాకు రెండు నిమిషాల పని.

లేపలేదు. లేపితే తెలిసిపోతుంది. తెలియనంత వరకు, ఏమో, నేను సరిగ్గానే పంచానేమో అనుకోవచ్చు. షీట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. అలా ఇంకో ఎనిమిది రోజులు గడిపాను. నా జీవితంలో నేను తీసెయ్యాలనుకునే రోజులంటే ఫ్యాను వేసిన రోజు కాదు, ఈ ఎనిమిది రోజులు.

పేపరు పంపే రోజు శుక్రవారం. సార్ సమోసాలు తెప్పించాడు. ఆ అమ్మాయి కొత్త డ్రెస్సు వేసుకొచ్చింది. నా దగ్గరకొచ్చి లాప్‌టాప్ చూపిస్తూ, సార్ కంటే ముందు మీ పేరే పెట్టినానని, మీరు ఆ షీటు తీసియ్యకుంటే ఇదంతా లేదని, కృతజ్ఞతల పేరా చదివి వినిపించింది.

"అమ్మా, పంపే ముందు ఆ షీటు ఒక్కసారి తీసుకురా" అన్నాను.

తెచ్చింది. బ్రష్షుతో పట్టీ మీద నీటిబొట్టు పెట్టాను. మెత్తబడే దాకా ఆగాను. ఆమె ఏదో ముచ్చటకు అనుకుంది కాబోలు, నవ్వుతూ నిలబడింది. పట్టకారుతో పట్టీ లేపాను. కింద కాడకు అంటుకుని ఒక పొర ఉంది. ఉల్లిపొర కంటే పలచన. వెడల్పు దారమంత, పొడుగు నా చిటికెన వేలిలో సగం.

ఆమె లెన్సు తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పకముందే ఆమెకు సగం అర్థమైంది.

"ఇది పొడుగు కాయ పొర మేడం. మరి పొట్లంలవి?"

అప్పుడు చెప్పాను. రెండు మడతలు విప్పిన సంగతి, ఫ్యాను, నేల మీద ఏరడం, పంచడం, పెద్దాయన అడిగితే పెట్టానని చెప్పడం, ఎనిమిది రోజుల కింద ఈ పట్టీ చూసి కూడా లేపకపోవడం, అన్నీ. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, రెంటికీ సిద్ధపడ్డాను. ఆమె లెన్సు టేబుల్ మీద పెట్టింది. బీరువాల వరస వైపు చూసింది.

"మేడం, గిట్లాంటి షీట్లు ఇంకెన్ని ఉన్నయ్?"

కోపంగా అడగలేదు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని డాక్టరు అడిగినట్టు అడిగింది. ఆ రెండే అని చెప్పబోయాను. ఫ్యాను ఇంకెప్పుడూ వేయలేదు, నిజమే. కానీ రెండు మడతలు ఒకేసారి విప్పిన రోజులు? పిల్లాడికి జ్వరమని పరుగెత్తిన రోజులు, కరెంటు పోతే కిటికీలు తెరిచిన రోజులు? వేల షీట్ల మీద నా పొడి సంతకం ఉంది. ఇన్నాళ్లూ నేను ఒక్క తప్పుకు భయపడ్డాను. అసలు భయపడాల్సింది ఇది అని ఆ నిమిషంలో తెలిసింది.

సార్‌కు ఆమే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. ఆయన సమోసా పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఏటమ్మా, ముప్పయ్యేళ్లు నోరు మూసుకున్నదానివి, జూన్ ఇంటర్వ్యూ దాకా ఇంకో మూడు నెలలు మూసుకోలేకపోయావా?"

ఆయన్ని నేను తప్పుపట్టను. నెలల తరబడి మా ఆయనా నేనూ అనుకున్నది అదే. కానీ సాయంత్రానికి ఆయనే పిలిచి, పేపరు ఆపేయమని ఆ అమ్మాయికి చెప్పాడు. నా తప్పును నేనుగా రాసివ్వలేదు. నా మీద మెమో కూడా రాలేదు. రాకపోవడం నాకింకా కష్టమైంది.

జూన్‌లో ఆమె ఇంటర్వ్యూకు వెళ్లింది. కొత్త ప్రజాతి ఏదమ్మా అని అడిగారట. లేదండీ, అది పొరపాటు అని చెప్పిందట. ఎవరి పొరపాటని వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. పోస్టు ఇంకెవరికో వెళ్లింది. నోటికాడి కూడు తీయడమంటే ఏమిటో నాకు తెలుసు, తీసింది నేనే.

కాంట్రాక్టు అయ్యాక ఆమె ఇంటి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరింది. సెలవుల్లో పని వదల్లేదు. లడఖ్ వైపు వెళ్లి పచ్చి మొక్క తెచ్చింది, ఈసారి డీఎన్‌ఏ ఫలితం వచ్చింది. కొత్త ఇంటిపేరు పెట్టడం మాట అటుంచి, ఉన్న ఇంటిపేరే నిలవలేదు. ఆ ప్రజాతి మొత్తాన్ని పక్కనున్న పెద్ద ప్రజాతిలో కలిపేయాలని తేలింది. ఆ పేపరు అచ్చయింది. అందులో ఒక వాక్యం ఉంది, ఈ షీటు పొట్లంలోని కాయలు అంటించేటప్పుడు వేరే షీటు నుంచి కలిసినవి అని. పంపేముందు ఆ వాక్యం నాకు ఫోనులో చదివి, ఇట్లనే ఉంచమంటారా అని అడిగింది. ఉంచమన్నాను.

పిల్లలూ, తప్పు చేయకండి అని నేను చెప్పను. చేస్తారు. మేలో ఫ్యాను వేస్తారు కూడా. చేసినప్పుడు పొట్లం మీద పెన్సిలుతో "కాయలు కలిసిపోయాయి" అని రాయండి. రెండే మాటలు. నా దగ్గర ఆ రోజు పెన్సిలు ఉంది, చెవి మీదే ఉంది.

రిటైర్మెంటు రోజు శాలువా కప్పి, నా చేతి పనిలో తప్పు వెతికినా దొరకదని ఎవరో ప్రసంగించారు. సార్ తల వంచుకున్నాడు. మర్నాడే అర్జీ పెట్టుకున్నాను, జీతం వద్దు, వారంలో రెండు రోజులు వచ్చి నా సంతకం ఉన్న పొట్లాలన్నీ విప్పి చూస్తానని. ఒప్పుకున్నారు. నాలుగేళ్లుగా వెళ్తున్నాను. ఇంకా సగం కూడా కాలేదు. ప్రతి పొట్లం విప్పేటప్పుడూ చెమట పడుతుంది. సరిగ్గా ఉంటే ఊపిరి వస్తుంది, పక్కది తీస్తే మళ్లీ పోతుంది.

మొన్న మంగళవారం ఒకటి దొరికింది. అడవి చిక్కుడు జాతి మొక్క షీటు, పొట్లంలో రెండు రకాల గింజలు. రెండో రకం ఆ మొక్కవి కావని నాకే తెలుస్తోంది. గదిలో ఎవరూ లేరు. పొట్లం మడిచి బీరువాలో పెట్టేస్తే ఇంకో ముప్పయ్యేళ్లు ఎవరూ చూడరు. ఈ వయసులో కూడా ఆ ఆలోచనే ముందు వచ్చింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఫోను తీసి ఆ అమ్మాయికి చేశాను. కాలేజీలో ఉన్నట్టుంది, వెనక పిల్లల గోల వినిపించింది.

"ఇంకోటి దొరికిందమ్మా" అన్నాను.

"ఒక్క నిమిషం మేడం, పెన్ను తీసుకుంట" అంది. కాగితం తిప్పిన చప్పుడైంది. "ఆఁ, షీటు నంబర్ చెప్పుండ్రి."